ఆరు నిమిషాల లోపు ఆలస్యం కాదు

విదేశం ఒక్కసారి వెళ్లొస్తే చాలు, మనవాళ్లకు మన రైళ్ల మీద భక్తి సన్నగిల్లుతుంది. ‘అక్కడ రైలును చూసి గడియారం సరిచేసుకోవచ్చు’ అంటారు. జపాన్ చూసొచ్చినవాళ్లు ఈ మాటంటే తలూపాల్సిందే. 2017 నవంబరులో టోక్యో దగ్గర సుకుబా ఎక్స్‌ప్రెస్ 20 సెకన్లు ముందే కదిలిపోయిందని రైలు కంపెనీ క్షమాపణ చెప్పుకుంది. జర్మనీ నుంచి వచ్చినవాళ్లు అంటే మాత్రం, ముందు వాళ్ల చేతి గడియారం ఎన్ని గంటలు చూపిస్తోందో అడగాలి.

అక్కడి రైల్వే సంస్థ డాయిచె బాన్ లెక్క ప్రకారం 2024లో దూరప్రాంత రైళ్లలో వేళకు చేరినవి 62.5 శాతమే. అదీ చేతికి ఎముక లేకుండా మార్కులు వేస్తే వచ్చిన అంకె. ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని వాళ్లు ఆలస్యం అనరు. అసలు రద్దయిన రైలు ఆ లెక్కలోకే రాదు. పరీక్షకే వెళ్లని కుర్రాడు ‘నేను తప్పలేదుగా’ అన్నట్టన్నమాట. పొరుగున ఉన్న స్విస్ వాళ్లకు ఈ ఉదారత పట్టదు. జర్మనీ నుంచి బాగా ఆలస్యంగా వచ్చే రైలును బాజెల్‌లోనే ఆపేసి, ప్రయాణికులను తమ రైలెక్కించుకుంటారు. ఆలస్యం సరిహద్దు దాటకూడదని!

జర్మనీలో జరిగిన 2024 యూరో ఫుట్‌బాల్ పోటీలప్పుడు ఈ భాగోతం ప్రపంచమంతా చూసింది. టోర్నమెంటు డైరెక్టర్ ఫిలిప్ లామ్ రైలు నమ్ముకుని బయల్దేరి, డ్యూసెల్‌డార్ఫ్‌లో ఆట మొదలయ్యాక గానీ చేరలేదు. సెమీఫైనల్‌కు వెళ్లాల్సిన నెదర్లాండ్స్ జట్టు రైలు రద్దయితే విమానమెక్కింది.

ఇక కొడుకును చూడ్డానికి వెళ్లిన తెలుగు తల్లిదండ్రుల సంగతి. జర్మనీలో చదివే విదేశీ విద్యార్థుల్లో ఇప్పుడు భారతీయులే ఎక్కువ, కాబట్టి ఇలాంటి అమ్మానాన్నలకు అక్కడ కొదవలేదు. టికెట్ కొన్నంత మాత్రాన సీటు రాదు, దానికి వేరే డబ్బు కట్టాలి. అదీ కట్టి, బోగీ ఎక్కడ ఆగుతుందో బోర్డులో చూసుకుని, ఆవకాయ సీసాలున్న సూట్‌కేసుతో సరిగ్గా అక్కడే నిలబడతారు. రైలు వచ్చే ముందు మైకు మోగుతుంది: ఈ రోజు బోగీలు తలకిందుల వరసలో వస్తున్నాయి. అంతే, ఈ చివర వాళ్లు ఆ చివరికీ, ఆ చివర వాళ్లు ఈ చివరికీ ఒకటే పరుగు. విజయవాడలో జనరల్ పెట్టె కోసం పరుగెత్తిన అనుభవం అక్కరకొచ్చేది ఇక్కడే.

ఊళ్లో తిరిగే మెట్రోలూ ట్రాములూ మరో వింత. గేట్లుండవు, ‘టికెట్, టికెట్’ అనే కండక్టరుండడు. నాన్నగారికి ఇదంతా రామరాజ్యంలా తోస్తుంది. చాలా ఊళ్లలో కాగితం టికెట్ కొంటే సరిపోదనీ, దాన్ని అక్కడి పెట్టెలో దూర్చి తేదీ, వేళ ముద్ర వేయించుకోవాలనీ మామూలు బట్టల్లో వచ్చిన తనిఖీ మనిషి చెబుతాడు. చెప్పినందుకు 60 యూరోలు పుచ్చుకుంటాడు. కావాలని టికెట్ లేకుండా ఎక్కితే అది నేరం కూడా. 1935 నాటి సెక్షన్ ప్రకారం ఏడాది దాకా జైలు. రైలుకు ఆరు నిమిషాల మాఫీ ఉంది గానీ, ముద్ర మరిచిన మనిషికి ఆరు సెకన్లదీ లేదు.

అలాగని అన్నీ తిట్లేనా? మోకాళ్ల నొప్పులున్న అమ్మ కోసం సిటీ బస్సే పేవ్‌మెంటు వైపు ఒరిగి మెట్టు కిందికి దించుతుంది. ఇక ‘డాయిచ్‌లాండ్ టికెట్’ ఒక్కటి కొంటే నెలంతా దేశంలోని సిటీ బస్సులు, మెట్రోలు, ప్రాంతీయ రైళ్లు అన్నీ మనవే. 2023 మేలో 49 యూరోలున్న ఆ టికెట్ 2025లో 58, 2026లో 63 అయింది. పెరగడంలో మాత్రం ఎన్నడూ ఆలస్యం లేదు. వేగంగా పోయే ఐసీఈ రైళ్లలో అది చెల్లదు. అయినా మన కుర్రాళ్లు పైసా వృథా పోనిస్తారా? నాలుగు రైళ్లు మారైనా సరే, మ్యూనిక్ నుంచి హాంబర్గ్ దాకా వెళ్లి గిట్టించుకుంటారు.

ఐసీఈ ఎక్కక తప్పనివాళ్లు చవక టికెట్ కొంటారు. అందులో రాసిన రైలు తప్ప మరొకటి ఎక్కడానికి వీల్లేదు. కానీ గమ్యం చేరడానికి 20 నిమిషాలో అంతకు మించో ఆలస్యమయ్యేట్టుంటే ఆ కట్టు తెగి, వేరే రైలెక్కే వీలొస్తుంది. గంట దాటితే టికెట్ డబ్బులో పాతిక శాతం, రెండు గంటలైతే సగం వాపసు. అందుకే ఫ్రాంక్‌ఫర్ట్ ప్లాట్‌ఫారం మీద ‘19 నిమిషాలు ఆలస్యం’ అని బోర్డు వెలిగితే, పక్క ప్లాట్‌ఫారం మీద కదలడానికి సిద్ధంగా ఉన్న రైలును చూస్తూ నాన్నగారు వెంకన్నకు మొక్కుకుంటారు: స్వామీ, ఇంకొక్క నిమిషం!