ఆరంటే నాలుగట!

మా మోతెలో ఏ సామాను చెడినా రెండే దారులు: సూర్యాపేటకో, కోదాడకో మోసుకుపోవడం. నాది మూడో దారి. మూత విప్పి నేనే కూర్చుంటా.

మొన్న ఇయర్‌బడ్స్ కొన్నా. డబ్బా మీద బ్లూటూత్ 5.3 అని ఉంది. మా కంప్యూటరేమో పాతది. రెండు రోజులు వెతికినా బడ్స్ పేరు తెర మీదికి రాలేదు. ‘వెర్షన్లు కుదరట్లేదు’ అని తేల్చేశా, జాతకాలు కలవలేదని చెప్పే పంతులంత ధీమాగా.

ఆదివారం పొద్దున్నే స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ కొట్టి డివైస్ మేనేజర్ తెరిచా. బ్లూటూత్ పక్కనున్న బాణం నొక్కితే, బొడ్రాయి పండక్కొచ్చిన చుట్టాల్లా పేర్లన్నీ బిలబిలా దిగాయి. అందులో కంపెనీ పేరున్నదాన్ని పట్టుకుని ప్రాపర్టీస్‌కూ, అక్కణ్నుంచి అడ్వాన్స్‌డ్‌కూ పోతే ఫర్మ్‌వేర్ వరుసలో ‘ఎల్‌ఎంపీ 6’ అని కనపడింది. చుక్క తర్వాత ఇంకేవో అంకెలున్నాయి, అవి మనకెందుకు?

ఆరు! డబ్బా మీదేమో ఐదు పాయింట్ మూడే!

"చూసినవా, మన కంప్యూటరే ముందున్నది!" అని వంటింటి దాకా వినపడేలా అరిచా. ఆ ఊపులోనే, పదో శతాబ్దంలో డెన్మార్క్‌ను ఏలిన హరాల్డ్ బ్లూటూత్ అనే రాజు పేరే దీనికి పెట్టారనీ, 1997లో ఇంటెల్ ఇంజినీరు జిమ్ కార్డాక్ ఆ పేరు సూచించాడనీ చెప్పుకొచ్చా. ఎవరూ అడగలేదు.

"రాజు పన్ను సంగతి సరేగానీ, పాట వస్తదా, రాదా?" అంది మా ఆవిడ వెల్లుల్లి ఒలుస్తూ.

మా అమ్మాయి ఫోన్లోంచి తలెత్తలేదు. "నాయినా, ఎల్‌ఎంపీ ఆరంటే బ్లూటూత్ 4.0. ఏడంటే 4.1, ఎనిమిదంటే 4.2. తొమ్మిదుంటే గానీ 5.0 కాదు. మనది 2010లో వచ్చిన వెర్షన్." నేను కుర్చీలో కొంచెం కిందికి జారా. "అయినా పాతదానితో కొత్తది మామూలుగా కలుస్తనే ఉంటది. పాటకు వెర్షన్ అడ్డం రాదు."

"అసలు లైటే వెలగట్లేదు కదయ్యా," అంటూ మా ఆవిడ ఒక బడ్డు తీసి వెలుతురుకు తిప్పింది. ఛార్జింగెక్కే చోట కందిగింజంత స్టిక్కరు, అద్దంలా కళ్లకానకుండా అతుక్కుని ఉంది. లాగెయ్యడానికి చిన్న తోక కూడా పెట్టారు పాపం, నాలాంటి వాళ్లుంటారని. వెల్లుల్లి పొట్టు తీస్తున్న గోటితోనే పట్టి లాగేసింది. రెండోదానిదీ అంతే.

పావుగంటకు పాట మొదలైంది, 4.0 మీదనే. ఎడమ చెవిలో మాత్రం ఇప్పటికీ వెల్లుల్లి వాసన.