ఒకే ఊళ్లో రెండు క్లబ్బులు: పోరు పుట్టకుండా తీసుకోవలసిన జాగ్రత్తలు

ఆర్మూర్‌లో ఫుట్‌బాల్ క్లబ్బు పెడదామని నలుగురు పెద్దమనుషులు కూర్చున్నారనుకోండి. ఛాయ్ గ్లాసులు ఖాళీ అయ్యేలోపు అది రెండు క్లబ్బులవుతుంది. ఒకటి పెర్కిట్ వైపు, ఇంకొకటి మామిడిపల్లి వైపు. రెండూ ఇప్పుడు ఒకే మున్సిపాలిటీ కాబట్టి ఊరి పేరు మీద ఇద్దరికీ సమాన హక్కు. క్లబ్బులు పెట్టడంలో కష్టమేమీ లేదు. బంతి బజార్లో దొరుకుతుంది, అధ్యక్షుడు అడక్కుండానే దొరుకుతాడు. ప్రమాదమంతా ఆ తర్వాతే, జనం పక్షాలు పట్టడంలో ఉంది. పెర్కిట్ పిల్లను చేసుకున్న మామిడిపల్లి అల్లుడు దసరాకు అత్తారింటికి పోయి ఏ జట్టు పేరెత్తాలి? బావమరిది ఊరుకుంటాడా? ఈ గొడవ మూడు తరాలు సాగితే దాన్ని డెర్బీ అంటారు. గ్లాస్గోలో, మిలాన్‌లో, కోల్‌కతాలో అది నూరేళ్లు దాటినా చల్లారలేదు. అంతదాకా రానివ్వకుండా మొలకలోనే తుంచే పద్ధతి ఒకటుంది. దాన్ని మనం కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. నలభై నాలుగో నంబరు రహదారి పట్టుకుని దక్షిణానికి పోతే, హైదరాబాద్ ఆ పనిని డెబ్బై ఏళ్లుగా శ్రద్ధగా చేసి చూపిస్తోంది.

మొదటి జాగ్రత్త మన రైతులకు ఎవరూ నేర్పనక్కర్లేనిది: పంట ఇక్కడ పండించండి, ధర మాత్రం వేరే ఊళ్లో కట్టించండి. యార్డులో పసుపు కుప్ప ముందు వ్యాపారి ఎలా నిలబడతాడో చూసినవాళ్లకు ఈ సంగతి తెలుసు. ఒక కొమ్ము తీసి టప్పున విరుస్తాడు, లోపలి రంగు వెలుతురుకు పట్టి చూస్తాడు, పెదవి విరుస్తాడు. అంతే, ఎనిమిది తొమ్మిది నెలల చాకిరీకి విలువ అక్కడ తేలిపోతుంది. ఆ పెదవి విరుపు భరించలేకే మన రైతులు లారీలకెత్తి మహారాష్ట్ర సాంగ్లీ దాకా పోతారు. హైదరాబాద్ తన ఫుట్‌బాల్‌ను సరిగ్గా ఇలాగే అమ్మింది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. అదే రహీం మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగో స్థానంలో నిలిపాడు, 1962లో జకార్తా ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చాడు. అంత పంట చేతికొచ్చాక నగరం ఏం చేసింది? సికింద్రాబాద్ పక్క అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్‌కు పోయాడు. నయీముద్దీన్, హబీబ్, హబీబ్ తమ్ముడు అక్బర్, అందరూ కోల్‌కతా రైలెక్కారు. 1976 కోల్‌కతా డెర్బీలో ఆట మొదలైన 17 సెకన్లకే మోహన్ బగాన్‌కు గోలు కొట్టినవాడు మన హైదరాబాదీ అక్బరే. వేరే ఊరివాళ్ల పగను అంత తొందరగా తీర్చిపెట్టిన పరాయివాడు ఇంకొకడు ఉండడు. ఈ ఆనవాయితీ నేటికీ చెడలేదు. నిజామాబాద్ జిల్లా బిడ్డ గుగులోత్ సౌమ్య క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌లో డైనమో క్లబ్బుకు ఆడింది, తర్వాత ఈస్ట్ బెంగాల్ చొక్కా వేసుకుంది. ఆర్మూర్ క్లబ్బులు కూడా బాగా ఆడే పిల్ల కనిపించగానే టికెట్టు కొనిచ్చి పంపాలి. తెలిసిన ముఖం ఊళ్లో ఉండిపోయిందంటే ఆ ముఖం కోసం జనం వస్తారు, వచ్చినవాళ్లు మళ్లీ వస్తారు, ఇక వాళ్లను ఆపలేం.

రెండో జాగ్రత్త, రెండు క్లబ్బులకూ ఒకే నిచ్చెన వెయ్యకండి. వేసినా మధ్య మెట్లు తీసేయండి. ఇందులో హైదరాబాద్ పనితనం చూసి నేర్చుకోవాలి. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టి ఇండియన్ సూపర్ లీగ్‌లో చేరింది. 2021-22లో ఊళ్లో రెండో క్లబ్బు శ్రీనిధి డెక్కన్ కింది మెట్టు ఐ-లీగ్‌లో చేరింది. ఒకరికి గచ్చిబౌలి స్టేడియం, ఒకరికి అజీజ్‌నగర్‌లో సొంత మైదానం. శ్రీనిధి 2022-23లో, 2023-24లో రెండో స్థానంలో నిలిచింది. పై లీగ్‌కు ఎక్కేది మొదటి స్థానం ఒక్కటే కాబట్టి రెండుసార్లూ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. హైదరాబాద్ ఎఫ్‌సీ తన మొదటి సీజన్లో అట్టడుగున నిలిచింది, 2023-24లో మళ్లీ అట్టడుగున నిలిచింది. అయినా కిందికి జారలేదు, ఎందుకంటే అప్పట్లో ఆ లీగ్‌లో కిందికి జారే దారే లేదు. పైవాడు ఎంత ఓడినా దిగడు, కిందివాడు కొంచెం తక్కువ గెలిచినా ఎక్కడు. లీగ్ మ్యాచ్‌లో ఇద్దరూ ఎదురుపడే అవకాశమే లేకుండా ఇంత పకడ్బందీగా కట్టిన గోడ మన మార్కెట్ యార్డుకు కూడా లేదు. మధ్యలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఏకంగా విజేత కూడా అయింది, 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల మీద ఓడించి. ఆ గెలుపు సొంత ఊళ్లో జరిగితే ఏమయ్యేదో! అదృష్టవశాత్తు కరోనా పుణ్యమా అని ఆ సీజన్ మొత్తం గోవాలో ఆడారు.

మూడో జాగ్రత్త, ఎంత తప్పించినా ఒక్కసారి ఎదురుపడక తప్పకపోతే, ఆ ఆట వేరే ఊళ్లో పెట్టండి. 2024 జనవరి సూపర్ కప్‌కు డ్రా తీసినప్పుడు హైదరాబాద్ ఎఫ్‌సీ, శ్రీనిధి డెక్కన్ ఒకే గ్రూపులో పడ్డాయి. ఎన్నాళ్లుగానో కాపాడుకున్న శాంతి భగ్నమయ్యేదే. కానీ ఆట భువనేశ్వర్ కళింగ స్టేడియంలో జరిగింది, సుమారు వెయ్యి కిలోమీటర్ల అవతల. బోరబండ కుర్రాడు ఎవరైనా సాయంత్రం బస్సెక్కి పోయి చూసివచ్చే వీలు లేదు. అదే గ్రూపులో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ కూడా ఉన్నాయి. వాళ్ల ఆట కూడా పరాయి ఊళ్లోనే జరిగింది, ఈస్ట్ బెంగాల్ 3-1తో గెలిచింది, కోల్‌కతా మాత్రం తన వీధిలో జరిగినట్టే ఊగిపోయింది. ఒకే స్టేడియం, ఒకే టోర్నీ, ఒకే గ్రూపు. రెండు జతల మధ్య తేడా ఎక్కడ వచ్చింది? బెంగాల్ క్లబ్బులు మొదటిసారి తలపడింది 1921లో. వాటి డేరాలు ఒకే మైదాన్‌లో ఇరుగూపొరుగూ. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిష్ చేప వండుకుంటారు, అది మన గోదావరి పులసే. మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు. అంటే ఆట ఫలితం సంచీ పట్టుకుని చేపల బజారు దాకా నడిచి వెళ్తుంది. నూరేళ్లు ఒకే రెండు జట్లు, ఒకే జనం ముందు, మళ్లీ మళ్లీ ఆడితే తప్ప ఆ నడక రాదు. యజమాని మంచివాడైతేనో కోచ్ స్పెయిన్ నుంచి వస్తేనో వచ్చేది కాదు. అందుకే మీరు కూడా ఎవరి జేబులో డబ్బుందోనని భయపడకండి, ఏటా ఒకే తారీఖున ఒకే చోట ఆట పెట్టించే గుమాస్తాకు భయపడండి.

ఇక్కడ కొందరు అడ్డం వస్తారు. హైదరాబాద్‌లో ఫుట్‌బాల్‌ను చంపింది క్రికెట్ కదా, పాపం క్లబ్బులను ఎందుకు అంటారని. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ కోల్‌కతాకు కూడా క్రికెట్ ఉంది, ఈడెన్ గార్డెన్స్ ఉంది, గంగూలీ ఉన్నాడు. 1977లో పెలే న్యూయార్క్ కాస్మోస్‌తో వచ్చి మోహన్ బగాన్‌తో ఆడింది ఆ ఈడెన్‌లోనే. ఆట 2-2తో ముగిసింది, బగాన్ గోల్స్‌లో ఒకటి హైదరాబాదీ హబీబ్ కొట్టాడు. క్రికెట్ పిచ్ ఉన్న చోటే ఫుట్‌బాల్ జనం నిండారంటే, జనాన్ని క్రికెట్ ఎత్తుకుపోయిందన్న మాట సగమే నిజం. హబీబ్‌నైతే క్రికెట్ ఎత్తుకుపోలేదు, చూడటానికి జనం ఉన్న చోటికి అతనే పోయాడు. జనం రావడానికి ఊళ్లో ఎదుటివాడు ఉండాలి. సిటీ పోలీస్ అందరినీ గెలిచింది, కానీ ఆ జట్టు ఓడిపోతే పండగ చేసుకునే ఇంకో హైదరాబాద్ క్లబ్బు పేరు నేడు ఎవరి నాలుక మీదా లేదు.

రెండో అభ్యంతరాన్ని మాత్రం ఎగతాళి చెయ్యడం కుదరదు. 1980 ఆగస్టు 16న ఇదే కోల్‌కతా డెర్బీ చూడటానికి ఈడెన్‌కు పోయిన 16 మంది ఇంటికి తిరిగి రాలేదు. పక్షాలు పట్టిన జనాన్ని ఒకే గ్యాలరీలో కుక్కితే ఏమవుతుందో ఆ రోజు తేలింది. అలాంటి పోరు మనకెందుకు అనే తల్లికి సమాధానం చెప్పాలి. అయితే ఆ ఊరే 2024 ఆగస్టు 18న ఇంకో సంగతి చూపించింది. ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో వైద్యురాలి హత్య మీద ఆందోళనలు నడుస్తుండగా డ్యూరాండ్ కప్ డెర్బీని రద్దు చేశారు. ఆట లేకపోయినా రెండు క్లబ్బుల అభిమానులూ సాల్ట్ లేక్ స్టేడియం బయటికి వచ్చి కలిసి నినాదాలిచ్చారు. నూరేళ్లుగా తిట్టుకుంటున్నవాళ్లకు ఒకరి చిరునామా ఒకరికి తెలుసు కాబట్టే కలవగలిగారు. ఆర్మూర్‌కు ఇది అర్థం కానిదేమీ కాదు. 2019 ఫిబ్రవరిలో ఎర్రజొన్న, పసుపు ధరల కోసం మామిడిపల్లి చౌరస్తాలో రోడ్డు మీద కూర్చున్న ఊళ్లన్నీ మామూలు రోజుల్లో ఒకదాన్నొకటి మెచ్చుకునేవి కావు. ఆ కోపమే కొన్నాళ్లకు నిజామాబాద్ లోక్‌సభ పోటీలో అభ్యర్థుల సంఖ్యను 185కు చేర్చింది. కాబట్టి పోరు వద్దనుకునేవాళ్లు దాని వెంట వచ్చే ఈ కలిసి నిలబడే అలవాటును కూడా లెక్కలో వేసుకోవాలి. జనం అలా కలవడం ఎవరికి నచ్చదో వాళ్లకు క్లబ్బుల కన్నా ఇదే పెద్ద ప్రమాదం.

మిగిలినవి చిన్న చిన్న పనులు. ఆట తేదీని జనవరి, మార్చి మధ్యలో పెట్టండి. అప్పుడు ఊరంతా పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టుకుంటుంటుంది, ఒక్క మనిషి కూడా గ్రౌండుకు రాడు. టికెట్టు పెట్టకండి, పెడితే ఎవరైనా లెక్క అడుగుతారు. పాత ఆటగాళ్లను పిలిచి శాలువా కప్పండి కానీ మైకు చేతికివ్వకండి, వాళ్లకు పేర్లు గుర్తుంటాయి. ఇక క్లబ్బు బోర్డు విషయం. హైదరాబాద్ ఎఫ్‌సీ చేతులు మారి, 2025లో ఢిల్లీ చేరి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. కనుక మీ బోర్డు మీద ఊరి పేరును ఎనామిల్ పెయింటుతో రాయించకండి. సున్నంతో రాయిస్తే చాలు.