అగ్గిపుల్ల పౌరోహిత్యం

మా రాయవేలూరు గురించి చిన్నప్పటి నుంచి ఒక మాట వింటున్నాను: కోట ఉంది రాజు లేడు, ఏరు ఉంది నీళ్లు లేవు, కొండలున్నాయి చెట్లు లేవు. ఆ వరసలో నా వంతుగా ఇంకొకటి చేర్చాలని నొసట రాసిపెట్టి ఉన్నట్టుంది: మిద్దె మీద వెనిలా తీగ ఉంది, ఇంట్లో సుఖం లేదు.

దీనికంతటికీ మూలపురుషుడు గుడియాత్తంలో లుంగీల వ్యాపారం చేసే మా బావమరిది. నాలుగేళ్ల కిందట సంక్రాంతికి వస్తూ తడిగుడ్డలో చుట్టిన రెండు మూరల తీగముక్కను పసిబిడ్డను అందించినట్టు నా చేతుల్లో పెట్టాడు. "కుంకుమపువ్వు తరువాత అంత ఖరీదైన దినుసు ఇదే బావా. 2003లో కేరళ, కర్ణాటకల్లో పచ్చికాయలే కిలో వేలల్లో పలికాయి. తోటలకు రాత్రిళ్లు కాపలా పెట్టుకున్నారు" అన్నాడు. మరి రెండేళ్లు తిరక్కుండానే ధర పడిపోయి రైతులు నెత్తిన చెయ్యి పెట్టుకున్న సంగతి మాత్రం చెప్పలేదు. వ్యాపారస్తుడు కదా, కథ ఎక్కడ ఆపాలో తెలుసు.

తీగ పుట్టిల్లు మెక్సికో. ఆర్కిడ్ల వంశం. ఆ వంశంలో వేల జాతులున్నా వంటింటి గడప తొక్కింది దాదాపు ఇదొక్కటే. అందుకే కాబోలు అంత బిగువు. సగం ఎండ, సగం నీడ కావాలి. వేళ్లు తడవాలి, నీళ్లు నిలవకూడదు. గాలిలో చెమ్మ తగ్గకూడదు. ముప్పై రెండు డిగ్రీలు దాటితే ముఖం ముడుచుకుంటుంది. మా ఊళ్లో నడివేసవి కత్తిరి ఎండలకు నలభై దాటుతుంది. అందుకని పచ్చవల పందిరి వేశాను, కొబ్బరిపీచు పరిచాను, చుట్టూ తడి గోనెలు కట్టాను. కుళాయి ఎప్పుడొస్తుందో తెలియని ఇంట్లో రోజుకు మూడుసార్లు దానికి జల్లుస్నానం. బావమరిది ఫోన్ చేస్తే ముందు తీగ క్షేమం అడుగుతాడు, తరువాత వాళ్లక్క క్షేమం. నా వంతు వచ్చేసరికి అతని ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోతుంది.

ఇంకో విశేషం. పైకి ఎగబాకినంతకాలం ఈ తీగ పూయదు. వంచి కిందికి వేలాడదీస్తేనే పూత, అదీ మూడో ఏటికి. ఈ ఇంట్లో ముప్పై ఏళ్లుగా తల వంచుకున్నది నేను. పూత మాత్రం దానికి.

పోయినేడు ఫిబ్రవరిలో మొగ్గ తొడిగింది. ఒక్కటే గెల, పంతొమ్మిది మొగ్గలు. రోజుకు ఒకటి, మహా అయితే రెండు. పసుపుపచ్చ కలిసిన లేతాకుపచ్చ పువ్వు తెల్లవారి విచ్చి మధ్యాహ్నానికి వాడిపోతుంది. ఆలోగా దానికి పెళ్లి చేసెయ్యాలి. వధూవరులిద్దరూ ఆ ఒక్క పువ్వులోనే ఉంటారు. మధ్యలో పల్చటి పొర, జీలకర్ర బెల్లం వేళ పట్టే అడ్డుతెరలాగా. దాన్ని తొలగించే తేనెటీగలు పుట్టింటి వైపే ఉండిపోయాయి.

ఆ తెర ఎత్తే సులువు 1841లో రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ అనే పన్నెండేళ్ల బానిస కుర్రాడు కనిపెట్టాడు. అంతవరకు ఇరవై ఏళ్లుగా ఆ దీవిలో తీగలు గొడ్డుగానే ఉన్నాయి. ఇవాళ్టికీ తోటల్లో ఆ కుర్రాడి పద్ధతే నడుస్తోంది. దొరలు గడించారు, అతను 1880లో పేదరికంలోనే కన్నుమూశాడు. ఈ ఒక్కచోట నా ఫిర్యాదుకు నోరు పెగలదు.

గుడియాత్తం అగ్గిపెట్టెలకు పేరున్న ఊరు. అక్కడి పెట్టెలోంచే ఒక పుల్ల తీసి, మందు గీకేసి, కొస పల్చగా చెక్కాను. ఎడమచేత్తో పువ్వును పట్టుకుని, కింది రేకును చీల్చి, పుల్లతో పొరను పైకెత్తి, బొటనవేలితో పుప్పొడిని కిందికి అదమాలి. రెండు క్షణాల పని. నా వేళ్ల వణుకుకు మొదటి మూడు పెళ్లిళ్లూ పెటాకులయ్యాయి. ముడి కుదిరితే వాడిన పువ్వు కాడను పట్టుకునే ఉంటుంది, కుదరకపోతే రాలిపోతుంది.

సరిగ్గా ఆ వారమే గుడియాత్తంలో బావమరిది కూతురి నిశ్చితార్థం. మా ఆవిడ ఒక్కతే వెళ్లింది. మామయ్య రాలేదేమని అడిగినవాళ్లందరికీ "ఆయనకు మిద్దె మీద వేరే పెళ్లి ఉంది" అని చెప్పి వచ్చిందట. ఆ మాట పలమనేరులోని బంధువుల దాకా చేరేసరికి ఏ రూపం దాల్చిందో ఇక్కడ రాయలేను.

పంతొమ్మిదిలో పదకొండు నిలిచాయి. కత్తిరి ఎండ ఏడింటిని తినేసింది. మిగిలిన నాలుగింటినీ తొమ్మిది నెలలు మోసి కోస్తే, వాసనే లేదు! పచ్చి వెనిలా చిక్కుడుకాయకు తీసిపోతుంది. అరవై అయిదు డిగ్రీల నీళ్లలో మూడు నిమిషాలు ముంచి, కంబళిలో చుట్టి చెమట పట్టించి, రోజూ కాసేపు ఎండబెట్టి, మళ్లీ చుట్టి, ఆపైన నెలల తరబడి నీడన ఆరబెట్టి పెట్టెలో దాస్తేనే పరిమళం పుడుతుంది. ఆ చలికాలం కంబళి దానిది, వణుకు నాది. చివరికి తూస్తే పన్నెండు గ్రాములు.

ఉగాదికి ఒక కాయ చీల్చి పాయసంలో వేయించాను. మా అత్తగారు రెండు గుక్కలు తాగి, గ్లాసు కింద పెట్టి, కూతురితో మెల్లగా అన్నారు: "ఏలకులు వేయడం మరిచిపోయినట్టున్నావే!"

కాబట్టి ఇంటి యజమానులారా, నా తీర్పు వినండి. 2023లో మా జిల్లా ముళ్ల వంకాయకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ ఎండలోనే పుట్టి, ఈ ఎండలోనే పెరిగి, ఎవరి పౌరోహిత్యమూ లేకుండా కాస్తుంది. దానికీ అగ్గిపుల్ల అవసరమే, కాదనను. పొయ్యి వెలిగించడానికి.