నీళ్లకు పేర్లు పెట్టే ఆఫీసరు గారికి

అయ్యా,

తమరు ఏ శాఖలో ఉంటారో, అసలు ఉన్నారో లేదో నాకు తెలియదు. కానీ బోరునీటిని ఆర్వో మిషన్‌లో తోసి, అందులోని లవణాలు చాలామటుకు తీసేసి, ఇరవై లీటర్ల క్యానులో పోసి "మినరల్ వాటర్" అంటున్నామంటే, ఆ పేరు పెట్టిన మహానుభావుడు ఒకరు ఉండే తీరాలి. తీసేసినదాన్నే పేరుగా తగిలించడం మామూలు బుర్రకు తట్టే పని కాదు. భారతీయ ప్రమాణాల్లో మాత్రం రెండూ వేరు. సహజ మినరల్ నీటికి ఐఎస్ 13428, ప్యాకేజ్డ్ తాగునీటికి ఐఎస్ 14543. ఈ సంగతి మా క్యాను అబ్బాయికి చెబితే "ఏ నంబరైనా ముప్పై రూపాయలే సార్" అన్నాడు.

నా ఫిర్యాదు అర్థం కావాలంటే తమరు ఒకసారి మహానంది గుడికి రావాలి. చిన్నప్పుడు కార్తీకంలో నంద్యాల బస్టాండులో ఎర్రబస్సు ఎక్కేవాళ్లం. అరటితోటలు మొదలయ్యేసరికి కిటికీ గాలి చల్లబడేది. "నల్లమల వచ్చెరా" అనేది అవ్వ. ఆ తోటలకూ గుడి నీళ్లే. లింగం కింద ఊరిన నీరు కోనేటికొచ్చి, అక్కణ్ణించి బయటికి పారి వేల ఎకరాలు తడుపుతుంది.

కోనేరు 60 అడుగుల చదరం. నీళ్ల లోతు 5 అడుగులు, అంటే నాయనకు గొంతు దాకా, నాకు నెత్తి దాటి. నన్ను మెట్టు మీద కూచోబెట్టి నాయన రూపాయి బిళ్ల విసిరేవాడు. అది ఊగుతూ ఊగుతూ దిగి అడుగున ఆగేది. "బొమ్మా, బొరుసా?" మూడు సింహాలు పైకే కనబడేవి, చెప్పేసేవాణ్ణి. నాయన మునిగి బిళ్ల తెచ్చి "తప్పు" అనేవాడు. పైకి తీశాక ఏ వైపు పడిందో రుజువుండదని నాకు చాలా ఏళ్లకు గానీ తట్టలేదు. అప్పటికే బోలెడు పందేలు ఓడిపోయాను.

చలికి పళ్లు టకటకలాడుతూ దిగితే నీళ్లు గోరువెచ్చగా తగిలేవి. ఎండాకాలంలో అవే చల్లన. అవ్వ స్వామి మహిమ అనేది. ఊట నీటి వేడి ఏడాదంతా దాదాపు ఒకటేననీ, మారేది బయటి గాలేననీ సైన్సు సారు చెప్పింది ఇంటికొచ్చి ఒప్పజెప్పాను. "ఒకటే ఉండేట్టు చూసేదెవురు?" అంది. ఆ ప్రశ్న సిలబస్‌లో లేదు.

తిరిగొచ్చేటప్పుడు అవ్వ ఇత్తడి మరచెంబు నింపి మూత బిగించేది. ఇంట్లో తలా ఒక ఉద్ధరిణెడు. కొండ రాళ్ల సందుల్లో దిగుతూ ఆ రాళ్ల లవణాలు కలుపుకొని వచ్చిన ఆ నీళ్లకు మీరు పేరే పెట్టలేదు. నిరుడు మా చిన్నోణ్ణి తీసుకెళ్తే, కోనేటి గట్టున దాహమని సీసా కొనిపించుకున్నాడు. "ఇవి మినరల్ కాదు కదా నాన్నా" అన్నాడు. వందలమంది మునిగే నీళ్లు తాగమని నేనూ అనను. నా గొడవంతా పేరు గురించే.

కాబట్టి క్యానుకు ఇంకేదైనా పేరు చూడండి. ఈ పేరు ఊటకు ఇప్పించండి.

ఇట్లు,
క్యాను నీళ్లు తాగుతూనే ఈ లేఖ రాస్తున్న తమ విధేయుడు

జత: మరచెంబు ఒకటి. ఖాళీది. మూత బిగుసుకుపోయింది, తమరే తీసుకోవాలి.