నేను గచాచా దస్త్రాన్ని

నేను రూళ్ల కాగితాల లావుపాటి పుస్తకాన్ని. ఏ బడిపిల్లవాడి లెక్కలకో, ఏ కొట్టు బాకీలకో పోవలసినదాన్ని రువాండాలో ఒక కొండ పల్లెకు చేరి గచాచా అనే ఊరి కోర్టు దస్త్రాన్నయ్యాను. నాలో మొదట ఎక్కించినవి పేర్లే. 1994 ఏప్రిల్‌కు ముందు ఏ ఇంట్లో ఎవరెవరు ఉండేవాళ్లు, వాళ్లలో పోయిందెవరు, ఎవరి ఇల్లు దోచారు, ఎవరి మీద అనుమానం. కొన్ని ఇళ్ల లెక్క చెప్పడానికి ఆ ఇంటి మనిషి ఒక్కరూ మిగల్లేదు. ఇరుగుపొరుగు చెబితే రాసుకున్నారు. ఆ చెప్పినవాళ్లలో కొందరి పేర్లు తర్వాత నా వెనక పేజీల్లోకి ఎక్కాయి.

1994 ఏప్రిల్ 6 రాత్రి అధ్యక్షుడు హబ్యారిమానా విమానాన్ని ఎవరో కూల్చేశారు. మర్నాటి నుంచి నూరు రోజుల పాటు నరమేధం. పోయినవాళ్లు సుమారు ఎనిమిది లక్షలని చాలామంది అంటారు, రువాండా ప్రభుత్వం లెక్క పది లక్షల పైమాటే. ఎక్కువమంది టుట్సీలు. చంపింది హుటూ తీవ్రవాదులు. టుట్సీలను చంపడానికి ఒప్పుకోని హుటూలనూ వాళ్లు వదల్లేదు. గుర్తింపు కార్డు మీద జాతి రాసే పద్ధతి 1930లలో బెల్జియం దొరలు పెట్టిపోయింది. రోడ్లకు అడ్డంగా కాపు కాసినవాళ్లు ముందు అడిగింది ఆ కార్డే. నేనూ కాగితాన్నే కాబట్టి ఈ సంగతి చెప్పుకోవడం నాకు ఇబ్బందిగానే ఉంటుంది.

పెద్ద తలకాయల్ని విచారించడానికి ఐక్యరాజ్యసమితి పెట్టిన కోర్టు టాంజానియాలోని ఆరుషాలో కూర్చుంది. 1998లో జాన్‌పాల్ అకయేసు అనే మేయరును దోషిగా నిర్ధారిస్తూ, అత్యాచారం కూడా నరమేధంలో భాగమేనని తేల్చింది. అంతర్జాతీయ కోర్టు అలా చెప్పడం అదే మొదలు. గొప్ప తీర్పు, కాదనను. కానీ 2015లో మూతపడేలోగా అది అభియోగం మోపింది 93 మంది మీద. ఇక్కడ రువాండా జైళ్లలో లక్షకు పైగా జనం కాళ్లు చాపుకునే చోటు లేక కిక్కిరిసి ఉండేవాళ్లు. మామూలు కోర్టులకు వదిలేస్తే ఈ కేసులు నూరేళ్లకైనా తెమలవని తేలింది. అప్పుడు పొలం గట్ల తగాదాలు, ఇంటి గొడవలు తీర్చే పాత గచాచాను మళ్లీ లేపారు. మీ ఊరి రచ్చబండకు అది దగ్గరి చుట్టం. రచ్చబండ మీద కూర్చున్న పెద్దమనుషుల్ని హత్య కేసులు తేల్చమంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఈ గచాచా 2002లో కొన్నిచోట్ల మొదలై, 2005 తర్వాత దేశమంతా పాకి, 2012 జూన్‌లో ముగిసింది. దాదాపు 12 వేల కోర్టులు, 19 లక్షలకు పైగా కేసులు. న్యాయమూర్తుల్ని ఊరే ఎన్నుకుంది. భుజం మీదుగా నీలం, పసుపు, ఆకుపచ్చ పట్టీ వేసుకుని బల్ల మీద కూర్చునేవాళ్లు. జీతం లేదు. లా చదివినవాళ్లు కారు, లాయర్లనేవాళ్లే లేరు. కొందరు న్యాయమూర్తుల మీదే ఆరోపణలొచ్చి పట్టీ తీసేయాల్సి వచ్చింది.

ఒక రోజు సంగతి చెబుతాను. గులాబీ రంగు జైలు బట్టల్లో ఒకతను లేచి, తను చేసింది ఒప్పుకోవడం మొదలుపెట్టాడు. ఎవరితో కలిసి వెళ్లాడు, ఎవరి చేతిలో కత్తి ఉంది, ఎవరి చేతిలో దుడ్డుకర్ర ఉంది. అప్పజెప్పినట్టు చెబుతున్నాడు. కార్యదర్శి పెన్ను ఆగకుండా నడుస్తోంది. ముందు వరసలో ఒక పెద్దావిడ లేచింది.

“అవన్నీ నాకెందుకు? మా అబ్బాయిని ఎక్కడ పడేశావు? అది చెప్పు.”

“అరటితోటలో, అమ్మా.”

“అరటితోట నేనే తవ్వించాను. లేడు.”

అతను తల వంచుకున్నాడు. చాలాసేపటికి, తోట అవతల పాత మరుగుదొడ్డి గుంత అన్నాడు. కార్యదర్శి అరటితోట అన్న మాట కొట్టేసి పైన గుంత అని రాశాడు. ఆ కొట్టివేత ఇప్పటికీ నాలో కనిపిస్తుంది. గుంత తవ్వారు. చొక్కా గుడ్డ చూసి ఆవిడ గుర్తుపట్టింది. ఆ తర్వాత అతనికి ఎన్నేళ్లు పడిందో వినడానికి ఆవిడ రాలేదు.

నిజం ఒప్పుకుంటే శిక్ష తగ్గేది. మిగిలిన దాంట్లో సగం దాకా రోడ్లు వేస్తూనో, కొండవాలు పొలాలకు మెట్లు కడుతూనో తీర్చుకునే వీలుండేది. అందుకని సగం నిజం చెప్పినవాళ్లు కోకొల్లలు. నేరాలన్నీ చచ్చినవాళ్ల మీదికి నెట్టి బయటపడినవాళ్లనూ చూశాను. సాక్ష్యం చెప్పినందుకు ప్రాణం పోగొట్టుకున్నవాళ్లు కొన్ని ఊళ్లలో ఉన్నారు. అన్నిటికంటే ఎక్కువ కేసులు దోపిడీవి. ఆవు, పైకప్పు రేకులు, తలుపు చెక్కలు. ఇంత కట్టాలి అని నాలో తీర్పు రాసుకున్నారు. కట్టినవాళ్లున్నారు, చేతిలో పైసా లేదని చేతులెత్తేసినవాళ్లూ ఉన్నారు.

నాలో రాయనిది కూడా ఉంది. నరమేధాన్ని ఆపి అధికారంలోకి వచ్చిన ఆర్‌పీఎఫ్ (రువాండన్ పేట్రియాటిక్ ఫ్రంట్) సైనికుల చేతుల్లో చనిపోయినవాళ్ల సంగతి గచాచా పరిధిలోకి రాదన్నారు. ఎవరైనా నోరు తెరిస్తే, అది ఇక్కడ కాదు అని కూర్చోబెట్టేవాళ్లు. రెండు రకాల చావుల్ని ఒకే తక్కెడలో వేయమని నేను అనను. ఒక ఇంటి ఏడుపును బొత్తిగా నమోదే చేయకపోవడం మాత్రం తప్పు.

ఇప్పుడు నాలాంటి దస్త్రాలన్నీ కిగాలీకి చేరాయి. అన్నీ కలిపితే ఆరు కోట్లకు పైగా పేజీలు. చెదలూ తేమా తినేయకముందే స్కాన్ చేసే పని పెట్టుకున్నారు. మంచి పనే. అయితే నాలోకి ఎక్కనిదాన్ని ఏ స్కానరూ తీసివ్వలేదు. 2018లో, కిగాలీ శివార్లలోని కబుగా దగ్గర, ఇళ్ల కింద సామూహిక సమాధులు బయటపడ్డాయి. వాటిలోంచి వేల మంది అవశేషాలు తీశారు. 24 ఏళ్లు వాటి పైన జనం కాపురాలు చేశారు. ఈ దేశంలో గచాచా కూర్చోని కొండ లేదు, ప్రతి కొండ మీదా నాలాంటి పుస్తకం ఉండేది. అయినా ఆ గుంతల సంగతి అన్నేళ్లూ బయటికి రాలేదు.

గచాచా మూతపడింది, ఇప్పుడు చెప్పినా కొత్తగా ఆ పట్టీలవాళ్ల ముందు నిలబడే పని లేదు. ఏ గుంత ఎక్కడుందో తెలిసినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు, ముసలివాళ్లవుతున్నారు. వాళ్లు పోకముందే చెప్పాలి.