చలికీ మేనేజ్‌మెంట్ కోటా

డిసెంబరు రాగానే సికింద్రాబాద్ మెట్టుగూడలో ఇంటింటా ఒకటే ప్రశ్న: ‘బడికి సెలవులెప్పుడు?’ చలిని అడిగితే లాభం లేదు, బడి గేటు మీది బోర్డునడగాలి. 2024-25 తెలంగాణ విద్యా క్యాలెండరులో మిషనరీ బడులకు డిసెంబరు 23 నుంచి 27 దాకా క్రిస్మస్ సెలవులిచ్చారు. సంక్రాంతి సెలవులేమో జనవరి 13 నుంచి 17 దాకా. కాబట్టి డిసెంబరు 23న పొద్దున్నే కాన్వెంటు అన్నకు దుప్పటి, పక్క బడి తమ్ముడికి మంకీ క్యాపూ ఆటో ప్రయాణమూ. ఇద్దరికీ వణుకు మాత్రం ఒకటే. ‘అవి పండగ సెలవులయ్యా, చలి సెలవులు కావు’ అంటారా? సరే, ఒప్పుకుందాం. ఆ జనవరి 13నే భోగి. మంటేసి చలిని తగలబెట్టిన పొద్దునే పిల్లలకు విశ్రాంతి మొదలైందన్నమాట. ముహూర్తం పెట్టినవారికి దండం.

‘సెలవులు ఎక్కువిస్తే చదువు పోదా?’ అన్నది పెద్దల బెంగ. అంత భయం అక్కర్లేదు. సెలవుల్లో క్లాసులు పెట్టొద్దని ప్రైవేటు కాలేజీలను ఇంటర్ బోర్డు హెచ్చరించాల్సి వస్తున్న రాష్ట్రమిది. చిన్న తరగతులకైతే ప్రాజెక్టు వర్కుంది: ‘సంక్రాంతి విశేషాలు’, చార్టు మీద, రంగుల్లో. వాకిట్లో ముగ్గు అమ్మదే, చార్టూ అమ్మదే. మార్కులు పిల్లాడివి.