పాస్‌వర్డు సరైనదే, మహాశయా!

గౌరవనీయులైన హెడ్డాఫీసు ఐటీ విభాగాధిపతి గారి సముఖానికి,

గార్లదిన్నె బ్రాంచి సిబ్బంది నమస్కరించి రాసుకునే బహిరంగ లేఖ.

విషయం: మెయిలు తెరిస్తే పాస్‌వర్డు అడగడం, కొడితే మళ్లీ అడగడం, మళ్లీ కొడితే మళ్లీ అడగడం గురించి.

సూచిక: ఇదే విషయమై ఇదివరకు మేం పెట్టుకున్న ఫిర్యాదులు, "సమస్య పరిష్కరించబడినది" అంటూ తమరు పంపిన జవాబులు.

ఆర్యా,

ముందుగా మేమెక్కడున్నామో మనవి చేసుకోవాలి. హైదరాబాదు నుంచి బెంగళూరుకు 44వ నంబరు జాతీయ రహదారి మీద కారులో పోయేటప్పుడు గుత్తి, పామిడి దాటాక, అనంతపురం ఇంకా రాకముందు తమరు కునుకు తీస్తూ దాటేసే ఊరు మాది. పెన్న మీద కట్టిన పెనకచర్ల డ్యాం మా మండలంలోనే ఉంది. పెన్నను నమ్ముకుంటే పని జరగదు కాబట్టి తుంగభద్ర నీళ్లు హెచ్చెల్సీ కాలువలో వస్తేనే ఆ డ్యాంకు కళ. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ ఎప్పుడు పడుతుందో తెలియని వాన, పడే జిల్లాలో చీనీ చెట్టు బతకాలంటే డ్రిప్పు పైపు తప్ప దిక్కు లేదు. ఆ పైపులు అమ్మడానికే తమరు మమ్మల్ని ఇక్కడ కూర్చోబెట్టారు. కొటేషన్లు, పొలం కొలతలు, సబ్సిడీ ఫైళ్లు, లోడు లారీ ఎక్కడిదాకా వచ్చిందన్న కబురు, అన్నీ మెయిల్లోనే నడవాలని, ఫోన్లో చెప్పింది చెల్లదని సర్క్యులర్ ఇచ్చిందీ తమరే.

ఇక పాస్‌వర్డు అడిగే పెట్టె సంగతి. మెయిలు తెరవగానే స్క్రీను నడుమ బూడిదరంగు పెట్టె ఒకటి వస్తుంది. మా ఐడీ దానికి ముందే తెలుసు, రాసిపెట్టుకునే వస్తుంది. పాస్‌వర్డు మాత్రం మేం చెప్పాలి. చెబుతాం. కింద "గుర్తుంచుకో" అన్న చోట టిక్కు కూడా పెడతాం. పెట్టె మాయమవుతుంది. మేం కుర్చీ వెనక్కి వాలేలోపు మళ్లీ వస్తుంది, టిక్కు తీసేసుకుని మరీ. తప్పని అనదు, ఒప్పని అనదు. మొన్న సబ్సిడీ సంగతి కనుక్కుందామని వచ్చిన ఓ రైతు ఎదురుగా కూర్చుని చాలాసేపు చూసి, "ఏం సారూ, పొద్దన్నుంచి అది నిన్ను అడగతానే ఉండాది, నువ్వేమన్నా కొత్తగా చేరినావా ఈడ?" అన్నాడు. బ్రాంచి పెట్టిన నాటి నుంచి ఉన్న మనిషిని పట్టుకుని అన్న మాట అది.

ఫిర్యాదు చేసిన ప్రతిసారీ తమ హెల్ప్‌డెస్కు చెప్పేది ఒకటే: పాస్‌వర్డు మార్చండి. తలనొప్పికీ తేలుకాటుకూ ఒకే సూది వేసే డాక్టరును చూశాం గానీ, సూది వేసి రోగిని చూడకుండానే "నయమైంది" అని రాసుకునే డాక్టరును ఇక్కడే చూస్తున్నాం. పోనీ మారుద్దామంటే కొత్త పాస్‌వర్డుకు లింకు పంపుతారు. ఎక్కడికి? తెరుచుకోని ఆ మెయిల్లోకే.

సరే, ఎలాగో మారుస్తాం. అసలు తంటా అక్కడ మొదలవుతుంది. బ్రాంచి ఐడీ ఒక్కటే గానీ అది బతికే చోట్లు చాలా. ఆఫీసు కంప్యూటరు, పొలాల వెంట తిరిగే కుర్రాడి ఫోను, కొలతలు ఎక్కించే ట్యాబు, పట్టాదారు పాసుపుస్తకాలు స్కాన్ చేసి నేరుగా మెయిలు కొట్టే జిరాక్సు మిషను. పాస్‌వర్డు కంప్యూటర్లో మారుతుంది, మిగిలిన వాటి కడుపులో పాతదే ఉంటుంది. కల్లూరు పక్క ఏ చీనీ తోటలోనో కుర్రాడు పైపులు లెక్కపెట్టుకుంటూ ఉంటాడు. జేబులో ఫోను మాత్రం కొత్త మెయిళ్ల కోసం ఆ పాత పాస్‌వర్డుతో సర్వరు తలుపు తడుతూనే ఉంటుంది. తప్పుడు పాస్‌వర్డుతో ఇన్నిసార్లు వస్తే ఖాతాకు తాళం వెయ్యాలన్నది తమరు పెట్టిన నియమం. తాళం పడుతుంది. ఆపైన ఇక్కడ ఆఫీసులో అక్షరం పొల్లు పోకుండా సరైన పాస్‌వర్డు కొట్టినా చెల్లదు. ఖాతాకు తాళం పడిందని పెట్టె చెప్పిందా? చెప్పదు. మళ్లీ పాస్‌వర్డు అడుగుతుంది. మేం తమకు ఫోన్ చేస్తాం. తమరు పాస్‌వర్డు మార్చమంటారు. మారుస్తాం. ఇప్పుడా ఫోను జేబులో ఉన్నది పాతదానికి కూడా పాతది.

కంప్యూటరులోనూ పాతది దాగి ఉండే చోటు ఒకటుంది. విండోస్ తాను గుర్తుపెట్టుకున్న పాస్‌వర్డులన్నీ క్రెడెన్షియల్ మేనేజర్ అనే అరలో దాస్తుంది. కంట్రోల్ ప్యానెల్లోకి వెళ్లి, ఆ అరలో మెయిలుకు సంబంధించినవి వెతికి తీసేసి, ప్రోగ్రాం మూసి తెరిచి, కొత్తది ఒక్కసారి కొడితే చాలామందికి పీడ విరగడవుతుంది. ఈ ఒక్క ముక్క ఫోన్లో చెబితే ఐదు నిమిషాల పని. తమ జవాబుల్లో ఎక్కడా లేదు.

మా విషయంలో అదీ చాల్లేదు. మా ఆఫీసు జబ్బు వేరేచోట ఉంది, అది ఇంతవరకూ తమ ఊహకు వచ్చినట్టు లేదు.

కంప్యూటరు మదర్‌బోర్డు మీద సీఆర్ 2032 అనే గుండ్రటి బ్యాటరీ ఉంటుంది. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. ఆ పేరులో ఉన్నది ఈ కొలతలే. కరెంటు లేనప్పుడు కంప్యూటరు లోపలి గడియారాన్ని నడిపేది అదే. మా కంప్యూటరు తమరు సిటీలో వాడి వాడి మాకు పంపినది. అందులోని బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. సిటీలో కరెంటు పోదు కాబట్టి ఆ సంగతి తమకు తెలియలేదు. ఇక్కడ గాలి కాస్త గట్టిగా వీచినా కరెంటు పోతుంది, యూపీఎస్ ఎంతసేపని మోస్తుంది? కరెంటు తిరిగొచ్చేసరికి మన కంప్యూటరు 2009 జనవరి ఒకటో తేదీకి వెళ్లి కూర్చుంటుంది. స్క్రీను కింద మూల ఆ తేదీ చిన్న అక్షరాల్లో ఉంటుంది, పైపుల బిల్లు తొందరలో ఉన్నవాడికి అటు చూపు పోదు. తేడా కొంచెమైతే విండోస్ ఇంటర్నెట్ చూసి తనంతట తానే సరిచేసుకుంటుంది. ఏళ్ల తేడా అయితే చేసుకోదు.

తేదీకీ పాస్‌వర్డుకూ ఏం సంబంధం అంటారేమో. మెయిల్ సర్వరు తానే అసలైనదాన్నని ఒక సర్టిఫికెట్ చూపిస్తుంది. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా చెల్లుతుందని దాని మీద ఉంటుంది. 2009లో కూర్చున్న కంప్యూటరు దృష్టిలో ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. పెద్ద ఆఫీసుల నెట్‌వర్కుల్లో కెర్బెరోస్ అనే పద్ధతిలో మనిషిని గుర్తుపడతారు. అమెరికాలోని ఎం.ఐ.టి.లో 1980లలో పుట్టిన పద్ధతి. అందులో రెండు యంత్రాల గడియారాల మధ్య మామూలుగా ఐదు నిమిషాల తేడా దాకా ఓర్చుకుంటారు, ఆపైన లోపలికి రానివ్వరు. కొన్ని ప్రోగ్రాములు "తేదీ చూసుకో" అని మర్యాదగా చెబుతాయి. కొన్ని ఏమీ చెప్పకుండా పాస్‌వర్డు పెట్టె తెచ్చి ముందు పెడతాయి.

మరో కారణం కూడా ఉండొచ్చు. పాస్‌వర్డును నేరుగా సర్వరుకు పంపే పాత పద్ధతిని ఎత్తేస్తామని మైక్రోసాఫ్ట్ 2019లో ప్రకటించింది. కరోనా రావడంతో వాయిదా వేసి, తన ఎక్స్ఛేంజ్ ఆన్‌లైన్ మెయిల్ సర్వీసులో 2022 అక్టోబరు 1 నుంచి మూసేయడం మొదలుపెట్టింది. మంచి పనే, దొంగలకు అచ్చొచ్చిన దారి అది. కానీ 2010 నాటి ఔట్‌లుక్‌కు కొత్త పద్ధతి అసలు రాదు, 2013 నాటిదానికి రిజిస్ట్రీలో మార్పులు చేస్తే గానీ రాదు. అలాంటి ప్రోగ్రాం ముందు కూర్చున్నవాడు ఎంత సరైన పాస్‌వర్డు కొట్టినా పెట్టె మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది. మా బ్రాంచికి తమరు ఏ ఏటి ప్రోగ్రాం ఇచ్చారో తమ రికార్డుల్లోనే ఉంటుంది, ఒకసారి చూసుకోగలరు.

ఇప్పుడు పాస్‌వర్డుకు తమరు పెట్టిన 45 రోజుల నియమం. పెద్దక్షరం ఒకటి, అంకె ఒకటి, గుర్తు ఒకటి ఉండాలి, నెలన్నరకోసారి మార్చాలి, పాతవాటిలో ఏదీ మళ్లీ రాకూడదు. ఇలాంటి నియమాలు ప్రపంచమంతా పాకడానికి కారణం 2004లో అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్.ఐ.ఎస్.టి. ప్రచురించిన ఒక పత్రం. దాన్ని రాసిన బిల్ బర్ 2017లో, అప్పటికే రిటైరయ్యాక, ఆ సలహాల్లో చాలావాటికి చింతిస్తున్నానని పత్రికల వాళ్లకు చెప్పాడు. రాసినాయనే చింతించాడు, తమరింకా అమలు చేస్తున్నారు. 2010లో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం పరిశోధకులు వాడుకలో లేని ఖాతాల పాత పాస్‌వర్డులు తీసుకుని, వాటి నుంచి కొత్తవి ఊహించగలమా అని చూశారు. నూటికి 41 ఖాతాల్లో కంప్యూటరు మూడు సెకన్లలో పట్టేసింది. నూటికి 17 అయిదు ఊహలైనా పూర్తికాకముందే దొరికిపోయాయి. కారణం తెలియనిదేం కాదు. మార్చు మార్చు అని తరిమితే ఎవరైనా చివరి అంకెనే పెంచుతారు. గోడకు అంటించిన ఎరువుల కంపెనీ క్యాలెండరు వెనక పక్క తిప్పి చూడండి, ఏ బ్రాంచి పాస్‌వర్డయినా పెన్సిలుతో రాసి ఉంటుంది.

ఎన్.ఐ.ఎస్.టి. 2017లోనే మనసు మార్చుకుంది: దొంగల చేతికి చిక్కిందన్న ఆధారం ఉంటే తప్ప గడువు పెట్టి మార్పించక్కర్లేదని. 2025 నాటి కొత్త కూర్పులో అయితే గడువు పెట్టనే కూడదంది. మైక్రోసాఫ్ట్ కూడా విండోస్ భద్రతకు తానిచ్చే సిఫార్సుల్లోంచి ఈ గడువును 2019లో తీసేసింది. ఆ కంపెనీని 2014 నుంచి నడిపిస్తున్న సత్య నాదెళ్ల తండ్రి బి.ఎన్. యుగంధర్, ఐ.ఎ.ఎస్. అధికారిగా గ్రామీణాభివృద్ధిలో పేరున్న మనిషి. ఆయన పేరు ముందున్న 'బి' బుక్కాపురం, మా జిల్లాలోనే యల్లనూరు మండలంలోని ఊరు. కాబట్టి ఇది పరాయి దేశపు సలహా, మన నేలకు పడదు అని తమరు తోసిపుచ్చడానికి వీల్లేదని మనవి.

పాస్‌వర్డుతోనే పేచీ అయితే వేలిముద్ర మిషను పెడదాం అంటారేమో. ఆ పని చేసేముందు ఒకసారి మా రేషన్ షాపు దాకా రండి. వేరుశనగ పెరికి పెరికి గీతలరిగిన వేళ్లను ఆ మిషను ఎన్ని రకాలుగా కాదంటుందో, చేయి తుడుచుకుని మళ్లీ పెట్టు, ఇంకో వేలు పెట్టు అని డీలరు ఎంతగా బతిమాలతాడో చూద్దురు గాని.

అసలు కంప్యూటరుకు పాస్‌వర్డు పెట్టాలన్న ఆలోచన ఎం.ఐ.టి.లో 1960ల తొలినాళ్లది. ఒకే యంత్రాన్ని చాలామంది పంచుకునే ఏర్పాటు చేసిన ఫెర్నాండో కొర్బాటో, ఎవరి ఫైళ్లు వారికి ఉండాలని పెట్టాడు. 1962లో అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి తనకిచ్చిన వారానికి నాలుగు గంటలు చాలక, పాస్‌వర్డుల జాబితా మొత్తాన్ని ప్రింటు తీయించుకుని పక్కవాళ్ల టైము వాడుకున్నాడు. ఆ పని తనదేనని బయటపెట్టింది పాతికేళ్ల తరవాత. తాళాన్ని నమ్మి వదిలేస్తే ఏమవుతుందో మొదటి రోజుల్లోనే తేలింది. అందుకే పాస్‌వర్డే వద్దని మేం అనడం లేదు. ఫోనుకు వచ్చే ఆరంకెల కోడు రెండో గొళ్లెంగా పెట్టండి, సంతోషంగా కొడతాం. ఆ నెలన్నర గడువు మాత్రం ఎత్తేయండి, పొడుగైన పాస్‌వర్డు ఒక్కటి పెట్టుకోనివ్వండి. మార్చక తప్పని రోజు వస్తే ఫోను, ట్యాబు, జిరాక్సు మిషను అన్నిట్లోనూ మార్చమని, పాతది ఎక్కడ దాగి ఉంటుందో చూసి తీసేయమని ముందే చెప్పండి. ఖాతాకు తాళం పడితే పడిందని ఒక్క ఎస్సెమ్మెస్ పంపండి. హెల్ప్‌డెస్కులో ఫోనెత్తే పిల్లలను మొదట "మీ కంప్యూటర్లో ఈరోజు తేదీ ఎంత?" అని అడగమనండి.

చివరిగా ఒక చిన్న విన్నపం. అనంతపురం నుంచి సీఆర్ 2032 బ్యాటరీ ఒకటి తెప్పించి వేయించాం. ఖర్చు నలభై రూపాయలు. "పాస్‌వర్డు సమస్యకు బ్యాటరీ కొనుగోలు దేనికి? సంజాయిషీ ఇవ్వగలరు" అని ఎర్రసిరాతో రాసి అకౌంట్సు వారు ఆ బిల్లు తిప్పి పంపారు. పై లేఖనే సంజాయిషీగా స్వీకరించి, ఇందుతో జతచేసిన బిల్లు మంజూరు చేయించ ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయులు,
గార్లదిన్నె బ్రాంచి సిబ్బంది

జత: బ్యాటరీ బిల్లు 1, పాత బ్యాటరీ 1.